స్క్రూ తిప్పింది నేనే

మా చిన్నప్పుడు ఒక వేసవి అంతా నాన్న బండికి నెమ్మదిగా వెళ్లడం తప్ప అన్నీ వచ్చు... జోరుగా పోతే హాయిగా పోయేది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఠక్కున ఆగిపోయేది.

నాన్న సినిమాల్లో మేకప్‌మన్. ఆయన ఆస్తి ఒక మేకప్ పెట్టె, ఒక పాత మోటార్ సైకిల్. పెట్టె నిండా పెట్టుడు మీసాలు, వాటిని అంటించే జిగురు, ఊడదీసే స్పిరిట్... అది వెనక కట్టేవారు. నన్ను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకునేవారు.

ఆ ఏడాది నాన్న రెండు నెలలు ఔట్‌డోర్ షూటింగ్‌కి వెళ్లొచ్చారు. అన్నాళ్లూ బండి వరండాలోనే ఉంది. వచ్చిన మర్నాడు పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేసి, వేడెక్కనిద్దామని అలాగే వదిలి, పెట్టె తేవడానికి లోపలికి వెళ్లారు...

నేనా ఊరుకునే రకం కాదు. రేడియో కనిపిస్తే వెనక అట్ట విప్పేదాన్ని. కార్బురేటర్ పక్కన చిన్న ఇత్తడి స్క్రూ ఒకటి ఉండేది. మెకానిక్ యాదగిరి అది తిప్పినప్పుడల్లా ఇంజన్ శబ్దం మారేది. ఎందుకు మారుతుందో తెలుసుకోవాలని ఎన్నాళ్లనుంచో ఉంది... అమ్మ కుట్టుమిషన్ స్క్రూడ్రైవర్ తెచ్చి ఒక చుట్టు తిప్పాను. ఏం కాలేదు. వెనక్కి రెండు చుట్లు... అయినా ఏం కాలేదు. ఎన్ని చుట్లు తిప్పానో లెక్క తప్పింది.

నాన్న వచ్చి చోక్ లోపలికి నెట్టారు. బండి ఆగిపోయింది.

ఆ రోజు నుంచీ అదే వరస. సిగ్నల్‌లో ఆగిపోవడం, నాన్న కిక్ మీద కిక్ కొట్టడం, వెనక హారన్లు... ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద పెట్టెతో సహా తోసుకుంటూ వెళ్లి, సెట్‌కి రెండుసార్లు ఆలస్యంగా చేరారు. ఇంకోసారి లేటైతే వేరే మనిషిని చూసుకుంటామని ప్రొడక్షన్ మేనేజర్ చెప్పేశాడట. నాకు అన్నం సహించేది కాదు. స్క్రూ తిప్పింది నేనే కదా...

యాదగిరి షెడ్డు షేక్‌పేటలో. ప్లగ్గు మార్చాడు, ఫిల్టర్ కడిగాడు. లాభం లేదు.

"జోరుగ పోతే మంచిగనే ఉంటది సార్. స్లో చేస్తేనే బందైతది. చోక్ గుంజితే మళ్ల నిలబడ్తది. గిదేందో సమజైతలేదు. కార్బురేటరే మార్చాలె... గీ పాత బండికి గిప్పుడు యాడ దొర్కుతది?"

"సరేలే యాదగిరీ... ఎవరికైనా ఇచ్చేస్తాను" అంటూ నాన్న ట్యాంకు మీద చెయ్యి వేశారు, సరిగ్గా నేను కూర్చునే చోట.

ఇక నావల్ల కాలేదు. "నాన్నా... ఆ స్క్రూ నేనే తిప్పాను" అని బావురుమన్నాను.

తిడతారనుకున్నాను. యాదగిరి చేతిలో పానా కింద పెట్టి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బండి స్టార్ట్ల ఉండంగనే తిప్పినవా బిడ్డా?"

"ఊఁ..."

"సప్పుడు ఎట్ల మారింది?"

"మారలేదు. అటు తిప్పినా ఇటు తిప్పినా మారలేదు."

"జర గూడ మారలే?" అంటూ బండి స్టార్ట్ చేసి తనే తిప్పి చూశాడు. ఒక్కసారిగా నవ్వాడు. "నా చేతితోటి సెట్ చేసిన స్క్రూ అని నేనసలు ముట్టనే లేదు సార్! తిప్పితే ఫరక్ రాలేదంటే తప్పు స్క్రూది గాదు, పోరిది గాదు. లోపల పెట్రోల్ వచ్చే సన్న తొవ్వ బందైంది."

కార్బురేటర్ విప్పి, నడుమ సన్న రంధ్రమున్న రెండు ఇత్తడి జెట్లు తీశాడు. పెద్దది జోరుకట, చిన్నది మెల్లగా పోవడానికట. రెండిటినీ ఎండకేసి పట్టి నన్ను చూడమన్నాడు. పెద్దదాంట్లో వెలుగు చుక్క కనిపించింది... చిన్నదాంట్లో చీకటి.

యాదగిరి సూది తీశాడు. నాన్న ఆపారు. "సూది వద్దు, రంధ్రం పాడవుతుంది. రెండు నెలలు నిలవున్న పెట్రోల్ కదా, ఎండి జిగురైనట్టుంది. జిగురు సంగతి నాకు తెలుసు" అని పెట్టె తెరిచి, మీసాలు ఊడదీసే స్పిరిట్‌లో దాన్ని నానబెట్టారు. టీలు తాగాక, ఎవరో విలన్ మీసంలోంచి ఒక బిరుసు వెంట్రుక లాగి దాంట్లో దూర్చారు... నేను మళ్లీ ఎండకేసి చూశాను. వెలుగు!

అన్నీ బిగించి స్టార్ట్ చేశారు. చోక్ లోపలికి నెట్టినా బండి ఆగలేదు. యాదగిరి స్క్రూడ్రైవర్ నా చేతికే ఇచ్చాడు. "ఇగ తిప్పు బిడ్డా." పావు చుట్టు తిప్పానో లేదో, శబ్దం మారింది! ఇటు తిప్పితే మందగించింది, అటు తిప్పితే లేచింది... నాన్న వద్దనేదాకా తిప్పుతూనే ఉన్నాను.

తిరిగొచ్చేటప్పుడు నాన్న పనిగట్టుకుని చెక్‌పోస్ట్ దగ్గర ఎర్రలైటు పడేదాకా మెల్లగా నడిపారు. ఆగాం... ఇంజన్ ఆగలేదు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇప్పుడు నా స్కూటర్ ఏ సిగ్నల్‌లోనూ ఆగిపోదు. ఏదైనా అయితే లైటు వెలుగుతుంది, షోరూమ్‌లో కంప్యూటర్ తగిలిస్తారు. మంచిదే... కానీ మా అమ్మాయి ఇంతవరకూ "ఇది తిప్పితే ఏమవుతుందమ్మా?" అని అడగలేదు. అడగడానికి తిప్పేదంటూ ఏదైనా ఉండాలిగా...

మీరు చిన్నప్పుడు ఎవరికీ చెప్పకుండా ఏం తిప్పారు? ఇప్పటికైనా చెప్పేయండి... ఎవరూ తిట్టరు.