మోడెం దీపాలు, మా అమ్మ కళ్ళు

మా అమ్మకు చెవులు వినపడవు. పుట్టుకతో కాదు. ఉదయగిరిలో బడిపంతులమ్మగా ఉన్న రోజుల్లో క్షయ వచ్చింది. సూదులు వేయగా వేయగా జబ్బు పోయింది, దాంతోపాటు వినికిడీ పోయింది. ఇంకొకరైతే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చునేవారు. ఈవిడ పిల్లల పెదాలు చూసి పాఠాలు అప్పజెప్పించుకుంది. అందరితోపాటు ఊరికే నోరు కదిపే దొంగలు అంతకుముందు తప్పించుకునేవాళ్ళట, ఆవిడకు చెవులు పోయాక వాళ్ళ ఆటలు సాగలేదు. కొడుకుని కాబట్టి నా ఆటలు అసలే సాగలేదు.

రిటైరయ్యాక ఆత్మకూరులో నా దగ్గరికి వచ్చేసింది. బస్టాండు వెనక వీధిలో ఒక ఇంట్లో సగం భాగం అద్దెకు తీసుకుని, ముందు గదిలో నేను కంప్యూటర్ సెంటర్ నడిపేవాణ్ణి. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, చర్చి పాటల పుస్తకాలు, ఏది వస్తే అది కంపోజ్ చేసి ఇచ్చేవాణ్ణి. వెనక గదుల్లో మేమిద్దరం. మిగతా సగంలో ఇంటి ఓనరమ్మ ఉండేది. వీధంతా ఆమెను అవ్వ అనేవాళ్ళు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం.

అక్క పెళ్ళయి హైదరాబాదులో ఉండేది. శనివారం ఫోన్ చేసేది. అప్పుడు మా ఇంట్లో జరిగే తంతు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. రిసీవర్ నా చెవికి. నా ఎదుట కుర్చీ వేసుకుని అమ్మ నా మొహంలోకే చూస్తూ ఉంటుంది. అవతల అక్క గుక్క తిప్పుకోకుండా ఆ కబురూ ఈ కబురూ చెబుతుంది, ఏదో చెప్పబోయి మాట మారుస్తుంది. చివరికి, "బాగుండానని అమ్మకు చెప్పరా" అంటుంది. నేను అమ్మ వైపు తిరిగి, "బాగుండాదంట మా" అని పెదాలు కదుపుతాను.

"ఇంతసేపు చెప్పింది అంతేనా?" అనేది అమ్మ. తన గొంతు తనకు తెలియదు కాబట్టి వీధి చివరి దాకా వినపడేటట్టు అడిగేది.

"అంతే మా."

"నాకు చెప్పాల్సింది అది నీకెట్టా చెబతాదిరా?" అంది ఒకసారి. అక్క ఎప్పుడైనా వచ్చినా వెంట అత్తింటివాళ్ళు ఉండేవాళ్ళు. అమ్మకు ఏదైనా చెప్పాలంటే ఎదురుగా నిలబడి పెదాలు పెద్దగా కదపాలి. పదిమందిలో అలా చెప్పగలిగినవి వంట సంగతులూ వాతావరణమూ తప్ప ఏముంటాయి? ఉత్తరాలు రాసుకుందామన్నా అత్తింట్లో అందరూ విప్పి చదివేవాళ్ళు. తల్లీకూతుళ్ళు తమలో తాము మాట్లాడుకుని ఏళ్ళు గడిచిపోయాయి.

తొంభైల చివర్లో నేను సెంటరుకు ఇంటర్నెట్ పెట్టించాను. అక్క ఆఫీసులోనూ అప్పుడే వచ్చింది. ఇద్దరూ ఒకే వేళకు కూర్చుంటే ఇక్కడ కొట్టిన మాట అప్పటికప్పుడు అక్కడ కనిపిస్తుందని అమ్మకు చెప్పాను.

"మధ్యలో నువ్వుండవా?"

"ఉండను."

"అయితే నేర్పించు."

గిరాకీ లేని మధ్యాహ్నాలు నేర్చుకుంది. తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్క వేలుతో. కీబోర్డును చూసి ఆవిడకు పంతులమ్మ కోపం వచ్చింది. "వీటిని ఎవురురా ఇట్టా చెల్లాచెదురు చేసింది? నా క్లాసులో అయితే వరసగా కూర్చోబెట్టేదాన్ని" అంది. అయినా వదల్లేదు. ఆ పట్టుదల నాకు సగం వచ్చి ఉంటే ఈపాటికి ఎక్కడో ఉండేవాణ్ణి.

చిక్కంతా ఫోను లైనుతో వచ్చింది, అప్పట్లో ఇంటర్నెట్ దాని మీదే రావాలి. నెల్లూరు నంబరుకు డయల్ చేస్తే, కంప్యూటరును ఫోను లైనుకు కలిపే మోడెం డబ్బా గీపెట్టి, బుసకొట్టి, ఎట్టకేలకు కలిసేది. కలిశాక నత్తనడక. తెర మీద మాటలు పడే చాట్ కిటికీ సగం తెరుచుకుని బిగుసుకుపోయేది, లేకపోతే కనెక్షనే పుటుక్కున తెగేది. అక్క ఆఫీసయ్యాక ఖాళీ తెర ముందు కూర్చుని కూర్చుని ఇంటికి పోయి ఫోన్ చేసేది. "ఏందిరా, అమ్మ రాలేదే?" అనేది. అమ్మ నా మొహం చూసి అడక్కుండానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అది నేను చూడలేకపోయేవాణ్ణి.

తెలిసినవన్నీ చేశాను. మోడెంను మానిటర్‌కు దూరంగా జరిపాను, కొత్త వైరు వేశాను, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. నెల్లూరులో కంప్యూటర్లు అమ్మే స్నేహితుడు ఏవో అక్షరాలు చెబితే మంత్రంలా సెట్టింగుల్లో కొట్టాను. ఫ్యానువల్లేమోనని ఆత్మకూరు ఎండల్లో ఫ్యాను కూడా ఆపుకుని కూర్చున్నాను. లైన్‌మ్యాన్ స్తంభమెక్కి జాయింట్లు గీకి, తన ఫోను తగిలించి విన్నాడు. "లైను అద్దంలా ఉండాదన్నా, మీ డబ్బానే చూసుకోండి" అని దిగిపోయాడు. నేను డబ్బాను తిట్టడంలో పడ్డాను.

అమ్మకు మోడెం అరుపులు వినపడవు, నా తిట్లూ వినపడవు. ఆవిడకు ఉన్నదల్లా దాని ముందున్న ఎర్ర దీపాల వరస. ఏ దీపం దేనికని అడిగి తెలుసుకుంది. ఇది లైను పట్టుకున్నట్టు, ఇది అవతల నుంచి వస్తున్నట్టు, ఇది మనం పంపుతున్నట్టు అని చెప్పాను. "నువ్వు పక్కకు జరుగు. కోపంగా ఉన్నోడికి ఏమీ కనపడదు" అని నా కుర్చీలో తను కూర్చుంది. పెదాల మీద మాటలు పట్టుకునే కళ్ళు. ఆ మధ్యాహ్నమంతా దీపాలను చూసింది, మధ్యమధ్య పక్క కిటికీలోంచి అవ్వ వరండాలోకీ చూసింది.

అవ్వ వరండాలో స్టూలు మీద, కుట్టుపని చేసిన గుడ్డ కింద, ఒక ఫోను ఉండేది. ఆ రోజుల్లో ఫోను లేనివాళ్ళు పెళ్ళి కార్డు మీద పక్కింటి నంబరు వేసుకుని పక్కన పీపీ అని అచ్చేయించేవాళ్ళు. నేనే అలాంటివి ఎన్నో కంపోజ్ చేశాను. మా నంబరు అవ్వకు పీపీ. ఆమె కూతురు కలువాయిలో ఉండేది, అల్లుడు లారీ మీద తిరిగేవాడు. కూతురు ఫోన్ చేసిన ప్రతిసారీ మా గదికి నడవలేక, నా లైనుకే ఒక తీగ కలిపించి తన వరండాలో ఇంకో ఫోను పెట్టించుకుంది. అయితే ఆమె తనంతట తాను ఎవరికీ ఫోన్ చేయదు. అందుకే దాని మీద నాకు అనుమానమే రాలేదు.

"అవ్వ ఫోనెత్తినప్పుడల్లా ఈ దీపం ఆరిపోతా ఉండాది," అంది అమ్మ.

"మోగని ఫోను ఎందుకెత్తుతాది మా?"

అమ్మ లేచి, నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళి అవ్వనే అడిగింది. అవ్వ మొదట బిక్కమొహం వేసి, తర్వాత మా ఇద్దరికీ ఎదురుగా నిలబడి చెప్పుకొచ్చింది. "లైను బతికుండాదో లేదో అని ఎత్తి చూస్తా అబ్బయా. పోయిన వానల్లో అది చచ్చి పడుంటే నాకు తెలీలా. కలువాయిలో బిడ్డ జరంతో మంచాన పడుంటే నేనీడ నిమ్మళంగా కూచున్నా. ఇప్పుడేమో ఎత్తితే లోపల ఒకటే అరుపు. నాలుగు తట్లు తట్టి పెట్టేస్తా. నేనే చెడగొట్టినానంటావని చెప్పలా."

ఆ అరుపు మా మోడెందే, ఆమె ఎత్తినప్పుడల్లా తెగింది మా కనెక్షనే. నేను లోపలికి వెళ్ళి కటింగ్ ప్లేయరు తెచ్చాను. ఆ తీగ తెగిపోతే మా బాధ తీరుతుంది, అంతే అనిపించింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"బిడ్డ కబురు కోసం కాచుకోని ఉండేదాని ఫోను కోస్తావా? అదెట్టా ఉంటాదో నీకు తెలీదురా. నాకు తెలుసు."

ప్లేయరు కింద పెట్టాను. కూతురి మాట కోసం అంతగా తపించిపోతూ కూడా ఇంకో తల్లి ఫోను తెగనివ్వని ఆ మనిషిని చూస్తే నాకు అప్పుడూ గర్వమే, ఇప్పుడూ గర్వమే. ఉపాయం కూడా ఆవిడే చెప్పింది. ఇంటర్నెట్ నడిచేటప్పుడు రెండు వాకిళ్ళ మధ్య గోడ మీద తువ్వాలు వేస్తుంది. తువ్వాలు ఉన్నంతసేపూ అవ్వ ఫోను ముట్టుకోకూడదు, తీసేశాక ఎన్నిసార్లయినా ఎత్తి చూసుకోవచ్చు. అవ్వ సంతోషంగా ఒప్పుకుంది. ఆ శనివారం తను ముట్టుకోకపోవడమే కాదు, స్టూలు పక్కన కూర్చుని ఇంకెవరినీ ఆ ఛాయలకు రానివ్వలేదు.

లైను కలిసింది. వేగం గొప్పగా ఏమీ లేదు, కానీ తెగలేదు. చాట్ కిటికీ పూర్తిగా తెరుచుకుంది. అవతల నుంచి, "అమ్మ వచ్చిందా?" అని అక్షరాలు పడ్డాయి.

అమ్మ ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టింది. "నేనే."

తర్వాత, "నిజంగా నువ్వేనా? వాడు కొడతా ఉండాడా?" అని వచ్చింది.

"వాడికి ఇంత నిదానం యాడిది?" అని కొట్టింది అమ్మ.

అక్కకు నమ్మకం కుదిరినట్టుంది. "వాడు నీ పక్కనే ఉండాడా మా?" అని అడిగింది.

అమ్మ నా వైపు తిరిగింది. "బయటికి పోరా."

వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. లోపల నుంచి కీబోర్డు చప్పుడు ఒకటొకటిగా వస్తూ ఉంది, మధ్యలో చాలాసేపు ఆగుతూ ఉంది. మా అమ్మ ఏం మాట్లాడినా వీధికి తెలియాల్సిందే. ఆ రోజు ఆవిడ మాట్లాడుతున్నది గుమ్మం బయట ఉన్న నాకే తెలియలేదు. నాకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి.

ఎండ వాలాక బయటికి వచ్చి, గోడ మీది తువ్వాలు తీసి భుజాన వేసుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రేపు హైదరాబాదు పోవాల. బస్సు ఎన్నింటికో కనుక్కో."

"ఏమైంది మా? పోయిన వారం కూడా బాగుండానని చెప్పిందే!"

నా పెదాలు ఆగేదాకా చూసింది. "నీకు అట్టనే చెప్పింది."

"మరి నీకేం చెప్పింది?"

"నాకు చెప్పిందిరా," అని, చీరలు సర్దుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.