బాపమ్మ పొడిడబ్బీ

మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, ముక్కుపొడి పీల్చేది. ఆ పొడి ఉండే డబ్బీ అచ్చమైన బంగారంది. ఖానాపూర్‌లో మాది రెండర్రల పెంకుటిల్లు. నాన్నను మేం బాపు అనేవాళ్ళం, అమ్మను అవ్వ. బాపు మిషన్ కుట్టేవాడు, అవ్వ కాజాలు, గుండీలు చూసుకునేది. అలాంటి ఇంట్లో బంగారు డబ్బీ ఉందంటే ఎవరు నమ్ముతారు? చుట్టుపక్కలవాళ్ళు ఇత్తడిదే అనుకున్నారు, మేమూ అట్లాగే అనుకోనిచ్చాం.

బాపమ్మ వయసంతా ఊరికి దగ్గర్లో దొరలుండే కోటలాంటి గడిలో, దొరసాని సేవలో గడిచింది. పోలీసు యాక్షన్ అయిన యేడు దొరలు గడికి తాళం వేసి హైదరాబాదు పోతుంటే, దొరసాని బండెక్కుతూ ఆ డబ్బీని బాపమ్మ చేతిలో పెట్టిందట. దొర కంట పడకుండా ఇద్దరూ కలిసి పొడి పీల్చినవాళ్ళే మరి. దొర దాన్ని ఎప్పుడో ఒక తెల్లవాడి దగ్గర కొన్నాడని బాపమ్మ చెప్పేది.

డబ్బీ నిండా బొమ్మలు చెక్కి ఉండేవి. గోటంత మనుషులు. మూత మీద నీళ్ళలో ఈదుతున్న ఎద్దు, దాని వీపున ఒక అమ్మాయి. ఒక పక్కన హంసతో ఉన్న ఆడమనిషి, ఇంకో పక్కన రెక్కలు ఊడి మీది నుంచి పడిపోతున్న మొగవాడు. ముసురు పట్టి బడికి పోని రోజుల్లో బాపమ్మ మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథలు చెప్పేది. హంస దగ్గరున్నది దమయంతి. పడిపోతున్నది జటాయువు. ఎద్దు నందీశ్వరుడు, మీద పార్వతమ్మ, గంగ దాటి శివుని ఇంటికి పోతోంది. జటాయువుకు మనిషి మొహం ఎందుకుందని నేను అడిగితే, "నువ్వు జూసినవా జటాయువును? సూడనిదానివి ఊకో" అని నోరు మూయించేది. రోజూ పొద్దున్నే మూతను కళ్ళకద్దుకుని, అప్పుడు చిటికెడు తీసుకునేది. ఆ ఘాటుకు మేమంతా వరసగా తుమ్మేవాళ్ళం. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది.

తర్వాత పీయూసీ చదవడానికి కరీంనగర్ పోయాను. మా ఇంట్లో అంత చదువుకు వెళ్ళిన మొదటి ఆడపిల్లను, కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. కాలేజీ లైబ్రరీలో గ్రీకు పురాణ కథల బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. నాలుగు పేజీలు తిప్పానో లేదో, మా డబ్బీ మీది ఎద్దు! అది నందీ కాదు, ఆ అమ్మాయి పార్వతీ కాదు. వాళ్ళ దేవుడొకడు ఎద్దు వేషంలో వచ్చి, ఒడ్డున ఆడుకుంటున్న పిల్లను వీపునెక్కించుకుని సముద్రం దాటించి ఎత్తుకుపోయాడట. ఇంకో ఆడమనిషి కోసం హంస వేషం వేసిందీ వాడేనట. నాకు ఒళ్ళు మండిపోయింది.

సెలవులకు ఇంటికి రాగానే బాపుతో చెప్పాను, బాపమ్మకు ఈ నిజం చెప్పేస్తానని. బాపు కత్తెర కింద పెట్టాడు.

"జర ఊకో బిడ్డా. ఇన్నేండ్ల సంది కండ్లకద్దుకుంటున్నది. గా దేవున్ని నువ్వు గుంజుకుంటే ఆమెకు ఏం మిగుల్తది?"

బాపు మాట సబబే. కానీ నాది మొదటి నుంచీ మొండి ఘటం. ఆడపిల్లను ఎత్తుకుపోయినవాణ్ణి నందీశ్వరుడనుకుని మా బాపమ్మ మొక్కుతుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. మర్నాడు పొద్దున ఆమె డబ్బీ తీయగానే మొత్తం చెప్పేశాను. మిషన్ చప్పుడు ఆగిపోయింది.

బాపమ్మ కోపం చేయలేదు. డబ్బీ నా చేతిలో పెట్టి, "పిల్ల మొకం జూడు" అంది.

చూశాను. ఆ అమ్మాయి మెడ పూర్తిగా తిప్పి, వెనక ఒడ్డు వైపు చూస్తోంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న బొమ్మలో నాకు అది కనిపించనే లేదు.

"మొగని ఇంటికి పోయే పార్వతమ్మ గట్ల సూస్తదా? నాకు ఎరికే బిడ్డా. దొరసాని లగ్గమైనంక ఆమెతోని నన్ను ఆడబాపగ పంపిండ్రు. తొమ్మిదేండ్లుంటయో లేవో. పుట్టి పడవల కూసొని మన గంగ దాటంగ నేనూ గట్లనే సూసిన. మా అవ్వ ఒడ్డుకు నిలవడ్డది."

దొరల పిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు సామానుతో పాటు ఒక పేదింటి పిల్లను కూడా జీవితాంతం చాకిరీకి పంపేవాళ్ళు. ఆ పిల్లనే ఆడబాప అనేవాళ్ళు. మా బాపమ్మ అట్లా వచ్చిన మనిషి అని నాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి పార్వతమ్మ అని ఎందుకు చెప్పినవే మాకు?"

"పోరగాండ్లకు ఇంకేం జెప్పాలె? గా పిల్ల యాడున్నా సల్లగుండాలని మొక్కుకుంట, అంతే."

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నీ పుస్తకంల ఏం రాసిండ్రు? గా పిల్ల మల్ల వాళ్ళవ్వ దగ్గరికి వచ్చిందా?"

పుస్తకంలో ఆ అమ్మాయి తిరిగి రాలేదు. వెతకడానికి పోయిన అన్నదమ్ములకు ఎంత తిరిగినా దొరకలేదు. బాపు కదలకుండా నా వైపే చూస్తున్నాడు.

"వచ్చిందే బాపమ్మా. అన్నలు పోయి తోల్కొచ్చిండ్రు" అన్నాను.

"మంచిగైంది పో" అంది బాపమ్మ. నా చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.