కరెంటు ఆఫీసులో కర్ర సెల్లు

ఇరవై ఏళ్ళుగా నేను దాచిన మాట ముందే చెప్పేస్తాను. మా సెక్షన్ ఆఫీసు గోడ గడియారం సెల్లుతో నడవలేదు, కరెంటుతో నడిచింది. ఆ ఏర్పాటు చేసింది నేను. ఆ సంగతి పైఅధికారి ముందు ఒకే ఒక్క మనిషి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన్ని అబద్ధాలకోరన్నారు, దొంగన్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

2004లో నన్ను అనకాపల్లి పట్టణం అంచున ఉన్న ఒక సెక్షన్ ఆఫీసుకి సబ్ ఇంజనీరుగా వేశారు. కరెంటు శాఖలో సెక్షన్ అంటే అన్నిటికన్నా చిన్న ఆఫీసు. దానికి పెద్ద అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ. ఆయన కింద సబ్ ఇంజనీరు, ఆ కింద లైన్ ఇన్‌స్పెక్టరు, లైన్‌మన్లు. ఫైలు మీద సంతకం ఏఈ గారిది, ఆ సంతకం ఆలస్యమైనందుకు తిట్లు మావి. మాకు పైన, దూరంగా, డివిజనల్ ఇంజనీరు ఉంటారు. డీఈ గారు మా సెక్షన్‌కి రావడమంటే పెళ్ళికొడుకు రావడమే. ముందు బూజు దులపాలి.

ఆఫీసు హాల్లో ఒక పెద్ద గోడ గడియారం ఉండేది. ఎవరో బెల్లం వ్యాపారి ఇచ్చాడట. దానికి ఒక పెన్సిల్ సెల్లు చాలు. ఆ ఒక్క సెల్లు కావాలన్నా డివిజన్ స్టోర్స్‌కి ఇండెంటు రాయాలి. ట్రాన్స్‌ఫార్మర్ అడిగితే ఏదో ఒక నాటికి వచ్చేది గానీ సెల్లు వచ్చేది కాదు. దాంతో గడియారం ఎప్పుడూ ఆగే ఉండేది. మోటారు కనెక్షను కోసం తిరిగే దేవరాపల్లి రైతు ఒకాయన, దాన్ని చూసినప్పుడల్లా ఒకటే మాట అనేవాడు: "మీ గడియారానికే కరెంటు నేదు, మా మోటారుకేటిత్తారు?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజంగానే, ఊరంతటికీ కరెంటు ఇచ్చే ఆఫీసులో గడియారం సెల్లు కోసం ఎదురు చూడడమేమిటి? నాకు టంకం పని సరదా. పాడైన టేప్ రికార్డరులోంచి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తీసి, రెండు మూడు విడిభాగాలు కలిపి, ఇంటి కరెంటుని సెల్లు ఇచ్చే ఒకటిన్నర వోల్టుకి దించే ఎలిమినేటర్ తయారు చేశాను. దాని రెండు తీగల్నీ గడియారంలో సెల్లు పెట్టే గూట్లోకి తెస్తే అక్కడి రేకులకి టంకం అంటలేదు. అందుకని సెల్లు సైజులో ఒక కర్రముక్క కావాల్సి వచ్చింది. దాని రెండు కొసలకీ ఇత్తడి మేకులు కొట్టి, మేకులకి తీగలు చుట్టి, గూట్లో దూర్చేస్తే సరి.

బంధువుల పాపకి లక్క బొమ్మలు కొనడానికి ఏటికొప్పాక వెళ్ళినప్పుడు, ఒక బొమ్మల పనివాణ్ణి ఆ ముక్క చేసిపెట్టమని అడిగాను. ఆయన క్షణంలో చేసి, అడక్కుండానే లక్క కూడా పట్టించాడు. ఎరుపు, మధ్యలో పసుపు పట్టీ. రంగెందుకయ్యా అంటే, "వొట్టి కర్ర ఇత్తే నా సెయ్యి ఊరుకోదు బాబూ" అన్నాడు.

ఇక్కడ కాస్త మా వృత్తి సంగతి చెప్పాలి. స్తంభం మీంచి వచ్చిన తీగ మొదట కటౌట్‌లోకి, అంటే ఫ్యూజులోకి వస్తుంది. అక్కణ్ణించి మీటరు, ఆ తర్వాత మెయిన్ స్విచ్చి. మా అటెండరు యేసుపాదం సాయంత్రం వెళ్ళేటప్పుడు మెయిన్ కట్టేసి వెళ్ళేవాడు. కాబట్టి మెయిన్ తర్వాత కరెంటు తీసుకుంటే గడియారం రాత్రంతా ఆగిపోతుంది. మెయిన్‌కీ మీటరుకీ మధ్య తీసుకోవాలంటే మీటరు సీలు తెంపాలి, అది నేరం. అందుకని నేరం చెయ్యకుండా, కటౌట్ దగ్గరే, మీటరుకి ముందు, తీగ తగిలించాను. దాని పేరు కరెంటు దొంగతనమని నాకు అప్పుడు తట్టలేదంటే మీరు నమ్మరు. కానీ నిజంగా తట్టలేదు. అదే పని చేసిన రైతుల మీద నేనే కేసులు రాసేవాణ్ణి.

గడియారం నడిచింది. ఏఈ గారు సంతోషించారు. సెల్లు ఎక్కణ్ణించి వచ్చిందని ఎవరూ అడగలేదు. వెనక డబ్బా ఎవరూ విప్పవద్దని, చేతులు పెడితే పాడవుతుందని యేసుపాదానికి గట్టిగా చెప్పాను.

ఒక్కటే చిక్కు. అవి కరెంటు కోతల రోజులు. కోత పడితే గడియారమూ ఆగేది, కరెంటొస్తే మళ్ళీ నడిచేది. యేసుపాదం రోజూ పొద్దున్న తన చిన్న రేడియోలో వార్తలు మొదలయ్యే టయానికి స్టూలెక్కి, ముందు అద్దం తెరిచి ముళ్ళు సరిచేసేవాడు. అలా సరిచేస్తూనే కనిపెట్టాడు.

"బాబూ, ఓ సిత్రం. కరెంటు పోతే ఈ గడియారం ఆగిపోతంది. వత్తే నడుత్తంది."

"సెల్లు గడియారానికీ కరెంటుకీ సంబంధం ఏమిటి యేసుపాదం?" అన్నాను.

"అదే నానూ అనుకున్నాను. మన ఆపీసులో ఉండి ఉండి దీనికీ మన బుద్ధే వచ్చినట్టుంది" అన్నాడు.

యేసుపాదం గురించి చెప్పాలి. సబ్బవరం దగ్గర పల్లెటూరు. అప్పటికి యాభై దాటిన మనిషి. అబద్ధమాడడం ఆయనకి చేతకాదు. ఏఈ గారు లోపలుండి లేరని చెప్పమంటే, "ఉన్నారు గానీ నేరని సెప్పమన్నారు" అని చెప్పే రకం. ఆ సంవత్సరం వాళ్ళ చర్చిలో ఆయన్ని సంఘ పెద్దగా తీసుకోవాలని మాట జరుగుతోంది. సంఘ పెద్దకి జీతం ఉండదు, ముందు వరసలో కుర్చీ ఉంటుంది. దానికి మచ్చలేని మనిషి కావాలి. ఆయన ఆ కుర్చీ గురించి ఆఫీసులో ఎప్పుడూ ఎత్తేవాడు కాదు గానీ, దాని కోసం కొత్త తెల్ల చొక్కా కుట్టించుకున్నాడని లైన్‌మన్ అప్పలరాజు అందరికీ చెప్పేశాడు.

కరెంటు దొంగతనాల మీద శాఖ విరుచుకుపడుతున్న రోజుల్లో, ఒక బుధవారం, డీఈ గారు మా వైపు బయల్దేరారని ఫోను వచ్చింది. పల్లెల మీద పడేముందు ఆఫీసుల మీటర్లే చూస్తున్నారట. అప్పటికి నాకు తట్టింది, బాగా తట్టింది. వరండాలోకి పరుగెత్తి, ఫ్యూజు లాగి, మీటరు బోర్డు వెనకనున్న ఎలిమినేటర్ పీకి, గోడ కన్నంలోంచి తీగలు లాగేసి, ఫ్యూజు మళ్ళీ పెట్టేశాను. తీగలు వచ్చాయి. కర్ర సెల్లు గడియారంలోనే ఉండిపోయింది. జీపు గేటు దగ్గరికి వచ్చేసింది. చేతిలో ఉన్న సరంజామా ఎక్కడ పెట్టాలో తెలియక నా టిఫిన్ క్యారియరు పైగిన్నెలో, పెరుగన్నం మీద, పెట్టి మూత వేశాను.

డీఈ గారు మీటరు చూశారు, సీలు చూశారు, సంతోషించారు. హాల్లోకి వచ్చి తలెత్తారు.

"ఏమయ్యా, గడియారం ఆగిపోయిందేం?"

సెల్లు అయిపోయి ఉంటుందని ఏఈ గారు చెప్పి, యేసుపాదాన్ని దించమన్నారు. డీఈ గారే స్వయంగా వెనక డబ్బా తెరిచారు. ఎరుపు, మధ్యలో పసుపు పట్టీ. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూశారు. కొసల్లో మేకులు సెల్లు మొనలాగా మెరుస్తున్నాయి.

"అసలు సెల్లు తీసేసి బొమ్మ సెల్లు పెట్టారన్నమాట. దొంగతనంలో కూడా ఎంత పనితనం!" అన్నారు. "ఈ గడియారం ఎవరు చూస్తారు?"

"నానే సార్" అన్నాడు యేసుపాదం. "డబ్బా మాత్తరం ఎప్పుడూ ఇప్పలేదు. సబింజనీరు గారు ఇప్పొద్దన్నారు."

డీఈ గారు నా వైపు తిరిగారు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. "చేతులు పెట్టవద్దని హెచ్చరించాను సార్" అన్నాను. అది నిజమే. దాంతో యేసుపాదం, హెచ్చరించినా వినని దొంగ అయిపోయాడు.

బల్లమీద ఆయన రేడియో ఉంది. విప్పితే రెండు పెన్సిల్ సెల్లులు. డీఈ గారు వాటిని వేలితో చూపించి, ఇంత మంచి లక్క పని ఎక్కడ దొరికింది, అత్తవారి ఊరేదని అడిగారు.

"ఏటికొప్పాక సార్."

హాలంతా ఒక్కసారి "ఆఁ" అంది.

"సార్, నాను సెల్లు తియ్యలేదు. అసలు ఆ గడియారానికి సెల్లు అక్కర్నేదు. అది కరెంటు మీద నడుత్తంది. కరెంటు పోతే ఆగిపోతాది. కావాలంటే బాబుని అడగండి, నాను ముందే సెప్పేను."

డీఈ గారు పగలబడి నవ్వారు. ఇంజనీరు కదా, గోడ గడియారం దేనితో నడుస్తుందో ఆయనకి ఒకరు చెప్పాలా? ఏఈ గారు నవ్వారు. అప్పలరాజు నవ్వాడు. నన్ను ఎవరూ అడగలేదు. నేనూ కొంచెం నవ్వాను.

మధ్యాహ్నం భోజనానికి అందరినీ కూర్చోమన్నారు. నాకు ఉపవాసం అన్నాను. బుధవారం ఏం ఉపవాసమయ్యా అని డీఈ గారు ఆశ్చర్యపోయి, ఈ రోజుల్లో ఇంత నిష్ఠ ఉన్న కుర్రాడు అరుదని మెచ్చుకున్నారు.

వారంలో యేసుపాదానికి మెమో వచ్చింది. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. జవాబు నన్నే రాసిపెట్టమన్నాడు, నా దస్తూరీ బాగుంటుందని. "గడియారం కరెంటు మీద నడిచినది" అన్న వాక్యం తీసేద్దాం, పైవాళ్ళకి కోపం వస్తుందని నచ్చజెప్పాను. "అది తీసేత్తే నాను సెప్పడానికింకేటుంది బాబూ?" అన్నాడు. ఆయన చెప్పినట్టే రాశాను. ఆ నిజాన్ని నా చేత్తో రాసి, కింద ఆయన చేత సంతకం పెట్టించాను.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఏఈ గారు సొంతంగా ఒక సెల్లు తెచ్చి గడియారంలో వేశారు. మర్నాడు కోత పడింది. ఫ్యాన్లు ఆగాయి. అందరం తలలెత్తాం. గడియారం టక్కు టక్కుమని నడుస్తూనే ఉంది.

"మామా, నీ గడియారం కరెంటు నేకండా నడిసిపోతందేటి? నీకు సెప్పలేదా?" అన్నాడు అప్పలరాజు.

యేసుపాదం స్టూలు మీద కూర్చుని, కరెంటు వచ్చేదాకా ఆ గడియారాన్నే చూశాడు. వచ్చాక కూడా చూశాడు. ఆ తర్వాత ఇక దాని మాట ఎత్తలేదు.

మెమో హెచ్చరికతో ముగిసింది. కబురు మాత్రం ఊళ్ళోకి పోయింది. కర్ర సెల్లు యేసుపాదం అన్నారు. చర్చిలో ఈసారికి వద్దులే అన్నారు. నేను రోజూ రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపుల మధ్య నాకు ప్రమోషన్ వచ్చింది, బదిలీ వచ్చింది. ఆయన రిటైరయ్యాడు. నడుం నొప్పితో నేనూ ముందుగానే స్వచ్ఛంద విరమణ తీసుకుని అనకాపల్లిలోనే ఉండిపోయాను.

ఈమధ్య యేసుపాదం మా ఇంటికి వచ్చాడు. కొత్తగా కట్టిన చర్చి ప్రారంభానికి పిలుపు. కార్డు మీద సంఘ పెద్దల పేర్లున్నాయి, ఆయన పేరు లేదు. అడిగాను. "ఆ సెల్లు గొడవ కాణ్ణించి ఆళ్ళు పిలవలేదు, నానూ అడగలేదు" అన్నాడు మామూలుగా, టీ ఊదుకుంటూ.

చెప్పేశాను. ఎలిమినేటర్, కర్రముక్క, పెరుగన్నం, అన్నీ. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. తిడతాడనుకున్నాను. జేబులోంచి ఫోను తీసి భార్యకి చేశాడు.

"ఒలే, ఇన్నావా? ఆ గడియారం కరెంటు మీదే నడిసిందంట! నాను సెప్పలేదేటి?"

"ఎవలు సెప్పేరు?" అని అవతల గొంతు నాకూ వినబడింది.

"సేసినోడే సెప్పేడు. ఎదురుగా ఉన్నాడు."

ఫోను పెట్టేశాక నా వైపు తిరిగాడు. అప్పుడు కోపం వచ్చింది. "నాకు మతి సెడిందనుకున్నాను బాబూ. నా కళ్ళతో సూసింది నానే నమ్మడం మానేసేను. ఇప్పుడు మీరు నాకొక్కడికి సెప్తే సాలదు. ఆదివారం వచ్చి సాచ్చిగం సెప్పండి."

వాళ్ళ ఆరాధనలో సాక్ష్యం చెప్పడమని ఉంటుంది. ఎవరైనా లేచి, తన జీవితంలో జరిగింది అందరి ముందూ చెబుతారు. వస్తానన్నాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది క్లుప్తంగా చెబుతాను. మీటరుకి ముందు తీగ తగిలించడం, వస్తువు ఎంత చిన్నదైనా, దొంగతనమే. ఆ రోజే ఒప్పుకుని ఉంటే నాకు సస్పెన్షన్ వచ్చేది, కొన్నాళ్ళకి పోయేది. ఒప్పుకోకపోవడం వల్ల వచ్చిన శిక్ష ఇంకో మనిషి అనుభవించాడు, అది పోలేదు.

ఆదివారం వెళ్ళాను. పాస్టరు గారు మైకు ఇచ్చారు. వాళ్ళకి సాక్ష్యంలో ప్రతి మాటకీ స్తోత్రం చెప్పే అలవాటు. "నేను గడియారానికి ఎలిమినేటర్ బిగించాను" అన్నాను. "స్తోత్రం!" అన్నారు. "మీటరుకి ముందునుంచి కరెంటు తీశాను" అన్నాను. ఇంకా గట్టిగా "స్తోత్రం!" అన్నారు. ముందు చాప మీదున్న ముసలమ్మ, "అయితే ఆ గడియారం ఇప్పుడు నడుత్తందా నాయినా?" అని అడిగింది. తెలియదమ్మా అన్నాను. దానికీ ఎవరో స్తోత్రం అన్నారు.

యేసుపాదం వెనక వరసలో తెల్ల చొక్కాలో కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన భార్య. నేను అటు తిరిగాను.

"యేసుపాదం గారూ, ఆ రోజు డీఈ గారి ముందు మీరు చెప్పిందే నిజం. దొంగ మీరు కాదు, నేను. నాకు తెలిసి కూడా నవ్వాను. నన్ను క్షమించండి."