ఏడో నాటి దీపం, ఎనిమిదో నాటి దీపం

మా యూదుల ప్రార్థన మందిరంలో పొయ్యి రాజేసేది నేనే, నేల ఊడ్చేది నేనే. ప్రార్థనకి పదిమంది పోగవకపోతే వీధిలోకెళ్ళి పదోవాణ్ణి బతిమాలి తెచ్చేదీ నేనే. ఇన్ని పనుల్లో నాకు ఇష్టమైనది ఒకటుంది. చనిపోయినవాళ్ళ తిథుల పుస్తకం చూసుకోవడం. ఎవరి తండ్రి ఏ నెలలో ఏ నాడు పోయాడో అందులో రాసి ఉంటుంది. ఆ రోజు దగ్గరపడగానే నేను వాళ్ళింటికి వెళ్ళి చెబుతాను. వాళ్ళు ముందురోజు సాయంత్రం వచ్చి గాజు గ్లాసులో మైనపు దీపం వెలిగిస్తారు. మాకు రోజు సాయంత్రంతోనే మొదలవుతుంది కదా.

ఆ పుస్తకంలో మనిషికి ఒక్క వరుస. ఒక్కరికి మాత్రం రెండున్నాయి. "యుదెల్, అదార్ నెల, ఏడు." దాని కిందే "యుదెల్, అదార్ నెల, ఎనిమిది."

నేను ఈ పనిలో చేరిన రోజే ముసలి కావలివాణ్ణి అడిగాను, ఇద్దరు యుదెల్‌లా అని. "ఒక్కడే. మన ఫ్రూమెకి అన్న. అడవిలో పోయాడు. నువ్వు మాత్రం ఆమెని అడక్కు, రెండు గ్లాసులు పెట్టు, అంతే," అన్నాడు. పదకొండేళ్ళు అలాగే పెట్టాను. అడగలేదు గానీ, గొంతులో చేపముల్లులా ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది. మనిషికి చావు ఒక్కటే కదా!

ఫ్రూమక్క మా ఊరి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. పొట్టి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. చలికాలం పొద్దున ప్రార్థనకి వచ్చేటప్పుడు కోటు జేబులో వేడి వేడి ఉడకబెట్టిన గుడ్డు ఒకటి తెచ్చేది. అది పదోవాడికి. "పాపం, నిద్రలోంచి లాక్కొచ్చావు, ఏదన్నా పెట్టాలి కదా," అనేది నాతో. వీధిలో ఎవరి ఊలు ఉండ చిక్కుపడినా ఆమె దగ్గరికే తెచ్చేవారు. తిట్టుకుంటూనే విప్పి ఇచ్చేది.

జర్మన్లు మా వాళ్ళని కాల్చి పూడ్చడానికి గోతుల దగ్గరికి నడిపించిన రోజుల్లో ఆమె, యుదెల్ ముళ్ళకంచె కిందనుంచి పాకి అడవిలోకి పోయారు. అక్కడ ముప్పైమంది, తొమ్మిది తుపాకులు. రైలు పట్టాలు పేల్చారు, టెలిఫోను స్తంభాలు రంపంతో కోశారు. ఇదంతా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమె చెప్పేది మాత్రం వేరేలా ఉండేది. "యుద్ధమా? నేను చూసిన యుద్ధమంతా పేలతోనే నాయనా," అనేది.

పరాయి పాలన పోయి దేశం మళ్ళీ తన జెండా ఎగరేసుకున్నాక, అడవిలో పోయినవాళ్ళకి మా అక్షరాలతో, పేర్లతో రాయి నిలబెట్టుకోవచ్చన్నారు. అడవినుంచి బతికొచ్చినవాళ్ళు మా ఊళ్ళో నలుగురు మిగిలారు. వాళ్ళే పేర్లు రాసి పంపారు. ఒకరోజు మధ్యాహ్నం నేను దీపాల గ్లాసులు తుడుస్తుంటే ఫ్రూమక్క వచ్చి బల్ల మీద కూలబడింది.

"జాల్మన్, రాయి చెక్కే అతను తేదీ అడుగుతున్నాడు."

"చెప్పక్కా."

"ఒక్క తేదీకే చోటుందట. అయినా రెండు చెక్కిస్తే జనం ఏమనుకుంటారు? ఒకసారి చచ్చి, లేచి, మళ్ళీ చచ్చాడనుకుంటారు. లేచొచ్చిన కథ ఎదురుగా చర్చిలోవాళ్ళకి ఒకటుంది, చాల్లే."

నవ్వకూడదనుకుంటూనే నవ్వాను. ఆమె నవ్వలేదు. కోటులోంచి రుమాలు మూట తీసి విప్పింది. అందులో జనపతాడు ఉండ, నల్లబడి, బిరుసెక్కి ఉంది. పొడుగునా ముడులే.

"ఇది మా పంచాంగం," అంది. "అడవిలో రోజులెలా తెలుస్తాయి? మా దళం పెద్దాయన ఈ పని నాకిచ్చాడు. పొద్దున్నే ఒక ముడి. శుక్రవారానికి జంటముడి. నేను జంటముడి వేశాక సాయంత్రం, తొలిచిన బంగాళాదుంపలో వత్తి పెట్టి సబ్బాతు దీపం వెలిగించేవాళ్ళం. పట్టాల కింద మందు పెట్టడానికి వెళ్ళేవాళ్ళు కూడా నన్నడిగే వెళ్ళేవారు, ఈ వేళ ఏం రోజు అని. తుపాకులు తొమ్మిదిరా, తాడు ఒక్కటే. ఎంత పొగరుండేదో నాకు!"

ఉండ విప్పుకుంటూ ఒకచోట ఆగింది. అక్కడ ఎర్రదారం కట్టి ఉంది.

"ఇక్కడ నాకు జ్వరమొచ్చింది. ఒళ్ళు తెలీలేదు. లేచాక ఎన్ని రోజులైందని అడిగా. ఒకడు ఐదన్నాడు, ఇంకొకడు ఆరన్నాడు. నేను ఐదు ముళ్ళు వేశా. వసంతంలో వేరే దళంవాళ్ళు కలిశారు. వాళ్ళ దగ్గర రేడియో ఉంది. మాకు బుధవారమైతే వాళ్ళకి గురువారం. తాడులో ఒకరోజు తగ్గింది జాల్మన్. ఎక్కడ తగ్గింది? ఈ జ్వరంలోనా? లేక తరవాత బురదనేలల్లో ఎనిమిది రోజులు పరిగెత్తామే, అక్కడా? ఆ రెంటికీ మధ్యలో పోయాడు యుదెల్. తాడు ప్రకారం గురువారం, అదార్ ఏడు. తాడు అప్పటికే తప్పి ఉంటే శుక్రవారం, ఎనిమిది."

"అందుకా రెండు దీపాలు!" అన్నాను. పదకొండేళ్ళ ముల్లు ఊడిందన్న సంతోషం నా గొంతులో వినిపించి ఉంటుంది. ఆమె నావంక చూసిన చూపుకి సిగ్గేసింది.

"నీకు తిథే కనిపిస్తోందా? విను. బిర్జెలై ఊళ్ళో బార్బొరా అని ఒక రైతమ్మ మాకు తిండి పెట్టేది. ఏ రోజైనా రండి, శుక్రవారం మాత్రం రావద్దు అని చెప్పింది. శుక్రవారం పాలూ గుడ్లూ వసూలు చేయడానికి పోలీసులు వచ్చేవాళ్ళు. ఆ పొద్దున యుదెల్ నా దగ్గరికొచ్చాడు. 'ఈ వేళ ఏం రోజు తాడమ్మా?' అన్నాడు. గురువారం అన్నా. 'సరే, గురువారమే' అని వెళ్ళాడు." ఆమె తాడు చుట్టడం మొదలుపెట్టింది. "తాడు అప్పటికే తప్పితే, వాణ్ణి చంపించింది నా ముడి."

అడిగాను, ఇన్నేళ్ళలో ఎవర్నీ అడగలేదా అని.

"ఎవర్నడగను? వాడితో వెళ్ళిన బెర్కె బస్తా మోసుకొచ్చి 'పోలీసులు' అన్నాడు, అంతే. ఎండాకాలంలో వాడూ పోయాడు. బార్బొరా వాళ్ళని యుద్ధమయ్యాక సైబీరియాకి తోలేశారు. పైగా..." తలెత్తింది. "భయం. దీపాలు రెండున్నంతకాలం నేను సగమే దోషిని."

మర్నాడు రొట్టెల దుకాణంలో వరుసలో నిలబడి ఊరికే అడిగాను, బిర్జెలై వాళ్ళెవరైనా తెలుసా అని. నాకు ప్రశ్నలు కడుపులో ఆగవు. దుకాణం ఆవిడ చెల్లెల్ని ఆ ఊరే ఇచ్చారట. బార్బొరా సైబీరియాలోనే పోయింది. కూతురు స్తసె తిరిగొచ్చి, ఆ ఊళ్ళోనే తేనెటీగలు పెంచుకుంటోంది. ఆ రోజుల్లో ఆమెకి పదకొండేళ్ళు ఉండొచ్చు.

ఫ్రూమక్కకి చెప్పాను. వారం రోజులు మందిరానికి రాలేదు. పదోవాడికి గుడ్డు లేదు. నేనెందుకు వేలుపెట్టానా అని దేవుడి ముందు రోజూ తలదించుకున్నాను. ఆదివారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. శాలువా కప్పుకుని నిలబడి ఉంది.

"పద, పద. నా మనసు మారేలోగా బస్సెక్కించు."

స్తసె పొడుగాటి మనిషి. మమ్మల్ని చూసి ఎవరు, ఏమిటి అని అడక్కుండానే లోపలికి రమ్మంది. రొట్టె, తేనె, ఉడికిన గుడ్లు పెట్టింది. బల్ల మీదున్న కత్తిని పక్కన పెట్టి, డ్రాయరు అడుగునుంచి ఇంకో కత్తి తీసి తుడిచింది. "దీనికి పందికొవ్వు తగల్లేదు. మీవాళ్ళకి వేరే కత్తి ఉండాలని అమ్మ అనేది," అంది. ఇన్నేళ్ళలో ఆ కత్తి ఎవరికోసం దాచిందో!

ఫ్రూమక్క తేనె బాగుందంది. ఈ ఏడు లిండెన్ పూలు బాగా పూశాయా అంది. మోకాళ్ళ నొప్పులకి తేనెటీగ కుడితే మంచిదంటారు, నిజమేనా అంది. నేను బల్ల కింద ఆమె కాలు తట్టాను. "తన్నకు, అడుగుతున్నాగా," అంది పైకే.

స్తసె ఆమె చేతులవంక చూస్తోంది. "మీరు తాడమ్మాయి కదూ?" అంది.

ఫ్రూమక్క చేతిలో రొట్టె ఆగిపోయింది. "తాడని నీకెవరు చెప్పారు?"

"మీ అన్నే, మీ పెద్ద చేతుల సంగతితో సహా. ఈ వంటింట్లోనే. బూడిద బుధవారం నాడు, చర్చిలో నుదుట బూడిద పెట్టే రోజు, వచ్చాడు. మంగళవారం కదా, ఊరంతా ఖాళీగా ఉందేం, అందరూ ఎక్కడికెళ్ళారు అన్నాడు. మంగళవారమేంటి, బుధవారం అంది అమ్మ. ఆయన ఒప్పుకోడే! మా చెల్లెలి తాడు తప్పదు అంటాడు. అమ్మకి కోపమొచ్చి, 'నా నుదుటి మీద బూడిద కనిపించట్లేదా? మంగళవారం నాడు ఎవరైనా బూడిద పెట్టుకుంటారా, నువ్వు మాకు మతం నేర్పుతావా?' అంది. ఆయన కాసేపు అమ్మ నుదురే చూశాడు. తరవాత ఇంత నవ్వు! 'అయితే మా తాడమ్మ ఓడిపోయింది' అన్నాడు."

"ఇంకా?" అంది ఫ్రూమక్క.

"వెళ్ళేటప్పుడు అమ్మతో అన్నాడు, ఈ మాట మావాళ్ళ దగ్గర ఎత్తకండి, అది జ్వరం నుంచి లేచి పదిరోజులు కాలేదు, ఆ తాడు పట్టుకునే లేచింది, కాస్త బలం రానీండి, వసంతంలో నేనే చెబుతా అని."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఎవరూ లేవలేదు.

"మళ్ళీ వచ్చింది శుక్రవారం," అంది స్తసె. "బాగా గుర్తు. మర్నాడు పునీత కజిమిరస్ పండుగ, అమ్మ పిండి కలుపుతోంది. కిటికీలో ఆయన మొహం. అమ్మకి గుండె జారిపోయింది. 'శుక్రవారమని తెలీదా, చచ్చినోడా!' అని తిట్టింది. ఆయన ఏమన్నాడంటే, 'తెలుసు బార్బొరమ్మా. మా జ్వరమోళ్ళకే తెలీదు. రెండు రోజులుగా వేణ్ణీళ్ళు తాగి ఉన్నారు. రేపటిదాకా ఆగమని నువ్వెళ్ళి వాళ్ళకి చెప్పిరా, నేనాగుతా.' అమ్మ ఉన్నదంతా బస్తాలో పోసింది. పొలం దాటేలోపే పోలీసులు చూశారు. బస్తా రెండోవాడికిచ్చి ముందు పంపి, ఈయన గట్టు దగ్గర తుపాకీతో ఆగాడు. నాలుగుసార్లు పేలింది, నేను లెక్కపెట్టా. తరవాత అన్నీ వాళ్ళవే." ఆమె నేలకేసి చూసింది. "వాళ్ళలో ఒకడు ఈ ఊరివాడే. మా మేనమామ కొడుకు. అందుకే నేనూ మీకోసం వెతకలేదు."

ఏమని ఓదార్చాలో నాకు తెలీలేదు. తెలీనప్పుడు నోరు మూసుకోమని మా నాన్న చెప్పేవాడు. అలాగే కూర్చున్నాను.

"వాడికి తెలుసా?" అంది ఫ్రూమక్క.

"తెలుసు."

"తెలిసీ ఆ పొద్దున నన్నడిగాడు. గురువారం అంటే, 'సరే, గురువారమే' అన్నాడు." చేతిలోని రొట్టె బల్ల మీద పెట్టేసింది. "వసంతంలో చెబుతాట్ట! ఎంత ఆలస్యంగా చెప్పాడో చూడు, దొంగ వెధవ!"

అప్పుడు ఏడ్చింది. స్తసె కుర్చీ దగ్గరగా లాక్కుని, ఏమీ అనకుండా ఆమె వీపు రాస్తూ కూర్చుంది. పెద్దవాళ్ళు ఇద్దరూ ఒకరినొకరు ఆ రోజే మొదటిసారి చూశారు. అయినా ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళలా ఉన్నారు.

కళ్ళు తుడుచుకున్నాక ఫ్రూమక్క రుమాలు మూట విప్పి, ఎర్రదారం దాకా తాడు తీసింది. జ్వరం నాటి ఐదో ముడి తరవాత కాస్త ఖాళీ ఉంది. అక్కడ తాడు మెలిపెట్టబోయింది. ఊరందరి చిక్కులూ విప్పిన ఆ వేళ్ళు ఇప్పుడు కీళ్ళవాపుతో వంగడం లేదు. తాడేమో కర్రలా బిరుసెక్కింది. స్తసె గిన్నెలోని వేణ్ణీళ్ళతో దాన్ని తడిపి, రెండువైపులా గట్టిగా పట్టుకుంది. ఫ్రూమక్క మెల్లగా ఆరో ముడి వేసింది.

"జ్వరానికి ఆరు రోజులు," అంది.

రాయి మీద అదార్ ఎనిమిది అని చెక్కారు. అన్ని పేర్ల మధ్య అతని పేరు ఐదో వరుసలో ఉంది. నిలబెట్టిన రోజు స్తసె కూడా వచ్చింది. అందరికీ చివర నిలబడింది. ఫ్రూమక్క వెళ్ళి చెయ్యిపట్టి ముందుకి తెచ్చింది.

పుస్తకంలో పై వరుస కొట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు. అదార్ ఏడు మోషే ప్రవక్త పోయిన రోజు. ఆయన సమాధి ఎక్కడో ఎవరికీ తెలీదు, యుదెల్‌దీ అంతే. ఆ తిథి అతనికి సరిపోతుందని నాలో నేను అనుకునేవాణ్ణి. ఆ మాటే చెప్పాను.

"ఏడు మోషేకే వదిలెయ్," అంది ఫ్రూమక్క. "ఆయనకి జనం చాలామందే ఉన్నారు. వీడికి నేనొక్కదాన్నే. సరైన రోజున రావాలి."

ఆ ఏడాది కూడా ఏడో నాటి దీపానికి గ్లాసు పెట్టేశాను. పదకొండేళ్ళ అలవాటు. సాయంత్రం ప్రార్థనకి వచ్చిన ఫ్రూమక్క దాన్ని చూసింది. "ఇది ఎవరికి?" అని, నా జవాబు వినకుండానే తీసుకెళ్ళి అలమరలో పెట్టింది.

మర్నాడు పొద్దుగుంకే వేళ వచ్చింది. ఒక్కటే వెలిగించింది. ఇన్నేళ్ళూ వెలిగించగానే వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేది. ఆ రోజు బల్ల దగ్గరికి లాక్కుని, కోటు బొత్తాలు విప్పుకుని, దీపానికి ఎదురుగా కూర్చుంది.

"ఈ వేళ ఏం రోజు జాల్మన్?"

"ఎనిమిది అక్కా."

"సరే," అంది. "ఎనిమిదే."