అత్త దాచుకున్న జబ్బు

మా మేనత్త పోయిందని పోయిన వారం కోవిల్‌పట్టి నుంచి నాన్న ఫోన్ చేశారు. గుండెపోటు. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుందట. అంతే.

చావుకు వత్రాప్ నుంచి వచ్చిన బంధువులు, ఆఖర్న ఆమెకు గర్వం పెరిగిందని, ఎవరింటి గడపా తొక్కలేదని చెప్పుకున్నారు. అక్కడ నేను నోరు విప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అత్త కుట్టుపని నేర్పే టీచరు. పెళ్లి చేసుకోలేదు. మాలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఆస్పత్రికి తోడు వెళ్లేది ఆమే. డాక్టరు చెప్పిందంతా చీటీ మీద రాసుకునేది. "ఒంటిగా పోతే డాక్టరు మాట చెవికెక్కదు పాపా" అనేది.

అలాంటి మనిషి విరుదునగర్‌లో నా కాన్పుకు రాలేదు. పని ఉందని కబురు పంపింది. రెండేళ్లు నేను ఆమెతో సరిగా మాట్లాడలేదు.

తర్వాత ఒకసారి వాళ్లింట్లో దుప్పటి వెతుకుతుంటే, పాతచీర ముక్కలు మడతలు మడతలుగా కనిపించాయి. ఎందుకని అడిగాను. వాటిని నా చేతిలోంచి తీసుకుని మళ్లీ మడతపెడుతూ చెప్పింది.

"ఒంటేలు నిలవదు పాపా. వస్తా ఉందని తెలిసేలోపే అయిపోతాది. బస్సెక్కి నీ దగ్గరికి ఎట్ల వచ్చేది?"

ఆరేళ్లుగా ఎవరికీ చెప్పలేదట.

మాత్రలు వేసుకుంటే నోరు పిడచకట్టుకుపోయింది. అప్పుడు విరుదునగర్‌లో ఒక డాక్టరు నరానికి కరెంటు పెట్టే వైద్యం ఉందన్నారు. చీలమండ దగ్గర సన్నని సూది గుచ్చి, తీగ తగిలించి, అరగంటసేపు కొద్దికొద్దిగా కరెంటు పంపుతారు. అది కాలి నరం మీదుగా వెన్ను దాకా పోయి మూత్రాశయాన్ని నెమ్మదిపరుస్తుందట. వారానికోసారి, పన్నెండు వారాలు. ఏ బస్సుకు భయపడి ఇంట్లో కూర్చుందో ఆ బస్సే ఎక్కాలి. ప్రతివారం నేను కోవిల్‌పట్టి వెళ్లి ఆమెను తీసుకొచ్చి, మళ్లీ దిగబెట్టేదాన్ని.

మొదటిరోజు కాలి బొటనవేలు దానంతటదే కదులుతుంటే నవ్వింది. "చూడు, ఇదీ నా మాట వినకుండా ఆడతా ఉంది."

ఎనిమిదో వారం దారిలో ఎక్కడా దిగకుండా విరుదునగర్ దాకా కూర్చుంది. దిగేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అలా రాగలిగింది ఆ ఒక్కసారే. మరుసటి వారం మళ్లీ మామూలే.

పన్నెండో వారం డాక్టరు దాచకుండా చెప్పారు. ఈ వైద్యం కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. నడుము కింద చిన్న యంత్రం అమర్చే పద్ధతి ఉంది, దానికి మదురై పోవాలి. అత్త తలూపింది. చీటీ తియ్యలేదు.

తిరుగు బస్సు సాత్తూరు చేరకముందే లేచి నిలబడింది. బస్సు ఆగేసరికే ఆలస్యమైపోయింది.

"నువ్వు దిగద్దు పాపా. అందరూ చూస్తారు."

దిగాను. బస్సు వెళ్లిపోయింది. అత్త బస్టాండు గోడవైపు తిరిగి, తడిసిన కుచ్చెళ్లను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. నేను ఆమె వెనకాల, జనానికి అడ్డంగా నిలబడ్డాను. కోవిల్‌పట్టి బస్సులు రెండు వచ్చి, పోయాయి. అత్త వెనక్కి తిరగలేదు.