ఖాళీ బెంచీల సంగతి తెలిసిన మేడం

మే నెల ఎండలో నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఏ ఊళ్లోనైనా నల్ల గొడుగు వేసుకుని ఇల్లిల్లూ తిరిగే ఆడమనిషి కనబడిందంటే, ఆమె షాహజాదీ మేడమే. పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి ప్రైవేటు జూనియర్ కాలేజీల లెక్చరర్లంతా కాళ్లకు బలపాలు కట్టుకుని పిల్లల కోసం ఊళ్ల మీద పడాలి. దాన్ని క్యాన్వాసింగ్ అనేవాళ్లు. పిల్లల్ని తెచ్చి చేర్పించిన వాళ్లకే జూన్‌లో మళ్లీ ఉద్యోగం. షాహజాదీ చెప్పేది వృక్షశాస్త్రం. అది ఆమె ఎంత బాగా చెప్పినా యాజమాన్యానికి పట్టేది కాదు, వేసవిలో ఎంతమందిని తెచ్చిందన్నదే లెక్క. పాఠాలు చెప్పుకునే మనుషుల్ని పట్టుకుని అట్లా వీధులు తిప్పిన ఆ కాలాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మగ లెక్చరర్లు అరుగు మీద తండ్రుల పక్కన కూర్చుని ర్యాంకుల గురించి ఊదరగొట్టేవాళ్లు, అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్లు. షాహజాదీ సరాసరి వంటింట్లోకి పోయేది. పీట వాల్చుకుని, ఆ ఇల్లాలు వెల్లుల్లి ఒలుస్తుంటే తానూ నాలుగు రెబ్బలు చేతిలోకి తీసుకునేది. మార్కుల మాట ఎత్తేది కాదు. పాపకు ఏ కూర ఇష్టం, నెలసరి అప్పుడు కడుపునొప్పి వస్తుందా, చీకటంటే భయమా, ఇవీ ఆమె అడిగేవి. తల్లులకు ఉండే భయం ఒక్కటే, జ్వరమొస్తే పిల్లను ఎవరు చూస్తారని. "నేనుంటాను గదమ్మా" అనేది షాహజాదీ. ఉండేది కూడా. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లల్లేరు. కాలేజీ హాస్టల్లోనే ఆమె కాపురం. జ్వరమొచ్చిన ఏ పిల్లనూ ఆమె ఒంటరిగా పడుకోబెట్టలేదు. అందుకే ఆమె మాటకు ఆ చుట్టుపక్కల అంత విలువ. తండ్రులు కూడా చివరకు లోపలికి తొంగిచూసి, మేడం ఏమంటే అదేలే అనేవాళ్లు.

ఆమె మొదట పనిచేసిన కాలేజీ తొంభైల చివర్లో మూతపడింది. ఒక ఇంట్లో నలుగురు ఆడపిల్లలున్న రోజులు పోయాయి. ఇద్దరు చాలని ఆపరేషన్ చేయించుకున్న తల్లుల పిల్లలు కాలేజీ ఈడుకు వచ్చేసరికి, సందుకొక కాలేజీ లేచి కూర్చుంది. ఒక్క పిల్ల కోసం మూడు కాలేజీల వాళ్లు ఒకే గడపలో ఎదురుపడి మొహాలు చూసుకునేవాళ్లు. ఆఖరి సంవత్సరం షాహజాదీ వాళ్లు పాణ్యం దాటి, ఎప్పుడూ పోని పగిడ్యాల దాకా పోయారు. అక్కడ ఒక తండ్రి, మీ కాలేజీలో ఎంతమంది ఉన్నారని అడిగాడు. తక్కువమందే ఉంటారని, అందుకే ఒక్కొక్క పాపనూ ప్రత్యేకంగా చూసుకుంటామని షాహజాదీ నవ్వుతూ చెప్పింది. ఆ డిసెంబర్లోనే గేటుకు తాళం పడింది. నడి సంవత్సరంలో పిల్లల్ని వెంటబెట్టుకుని వేరే కాలేజీల గుమ్మాలు తొక్కి, వాళ్లను చేర్చుకొమ్మని బతిమాలింది ఆమే. పిల్లల కోసం ఒక కాలేజీ ఎంత దూరం పోతుందో లోపల బెంచీలు అంత ఖాళీగా ఉన్నాయని అర్థం. ఆ సంగతి ఆమెకు తెలిసినంత బాగా నంద్యాలలో ఇంకెవరికీ తెలియదు.

తర్వాత ఆమె ఇంకో మహిళా కాలేజీలో చేరింది. అక్కడా నాలుగేళ్లు తిరిగేసరికి అదే వరస. అప్పుడు కరస్పాండెంటు ఎవరినో పట్టుకుని జపాన్ నుంచి ఒకావిడను పిలిపించాడు. ఆవిడ పేరు మొరితా. నెరిసిన జుట్టు, పొట్టి మనిషి, కూర్చోమంటే తప్ప కూర్చోదు. వెంట బెంగళూరు నుంచి వచ్చిన ఒక దుబాసీ కుర్రాడు. వాళ్లది జపాన్‌లో ఉత్తరాన మంచు కురిసే ఒక చిన్న ఊరట. అక్కడి ఆడపిల్లల కాలేజీలో పసిపిల్లలకు చదువు చెప్పే టీచర్లను రెండేళ్లలో తయారుచేస్తారట. ఫీజు లేదు, విమానం చార్జీ కూడా వాళ్లే పెట్టుకుంటారు. కాలేజీకి పిలిపించిన తల్లిదండ్రులంతా ఒక గదిలో కూర్చుని నోరు తెరుచుకుని వింటున్నారు.

మీ కాలేజీలో మొదటి సంవత్సరం ఎంతమంది ఉన్నారని షాహజాదీ అడిగింది. దుబాసీ అడిగాడు. మొరితా నవ్వి, తక్కువమందేనని, అందుకే ప్రతి అమ్మాయినీ ప్రత్యేకంగా చూసుకుంటామని చెప్పించింది. ఆ గదిలో అందరూ తలలూపారు. షాహజాదీకి మాత్రం పగిడ్యాలలో తాను చెప్పిన మాటే గుర్తొచ్చింది. మొరితా కూడా ఆమె వైపు చూసి చప్పున కళ్లు దించుకుంది. ఒకే పని చేసే ఇద్దరు ఆడవాళ్లు, ఒకరి మాట తెలియకుండానే ఒకరినొకరు పట్టేసుకున్నారు. పగిడ్యాల దాకా పోయిన కాలేజీయే నిలబడలేదే, నంద్యాల దాకా వచ్చిన కాలేజీ ఏం నిలబడుతుంది? ఆమె ఆ మాట అక్కడే అడిగి ఉండాల్సింది. అడగలేదు.

సాయంత్రం కరస్పాండెంటు ఆమెను పిలిచి, ఈ సంవత్సరం ఒక్క పిల్లన్నా పోవాలన్నాడు. ఆ పిల్ల ఫోటో కరపత్రం మీద పడితే మన కాలేజీ నిలబడుతుందని, లేకపోతే జూన్‌లో ఎవరెవరు ఉంటారో తానూ చెప్పలేనని మెత్తగా అన్నాడు. నలభై దాటిన మనిషి, హాస్టల్ గది తప్ప ఇల్లు లేని మనిషి. అంతకన్నా విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి జీపు తోలే శ్రీశైలం కూతురు సుమలత. షాహజాదీ క్యాన్వాసింగ్‌లో తెచ్చిన పిల్లే. ఇంటర్ అయ్యాక ఆ పిల్లకు టీటీసీలో సీటు వచ్చింది. టీటీసీ అంటే రెండేళ్ల టీచర్ ట్రైనింగ్, అది పూర్తిచేసి డీఎస్సీ రాస్తే గవర్నమెంట్ బడిలో ఉద్యోగం. టీచర్ కావాలని చిన్నప్పటి నుంచి కలవరించిన పిల్ల. ఇప్పుడు ఈ జపాన్ మాట చెవిన పడేసరికి రెండు మనసులై కూర్చుంది. ఆ సీటు ఖాయం చేసుకునే కౌన్సెలింగుకు ఇంకా రెండు రోజులే ఉన్నాయనగా షాహజాదీ వాళ్లింటికి వెళ్లింది.

తల్లి ఈశ్వరమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టెలు తడుతోంది. శ్రీశైలం ఎన్నడూ లేనిది వంటింట్లోకి వచ్చి గోడకు చేరగిలబడి నిలబడ్డాడు.

"నాకు కర్నూలు దాటితే దిక్కు తెల్దు మేడం. మీరే జెప్పండి. ఆ కాలేజీ మంచిదేనా?"

"మంచిదే అన్నా. నేను అడగాల్సిందంతా అడిగినా."

పిల్లలు ఎంతమందని ఆమె అడిగిన మాట నిజం. వచ్చిన జవాబుకు అర్థమేమిటో మాత్రం ఆమె చెప్పలేదు. శ్రీశైలం నవ్వి, అయితే ఇంకేముంది అన్నాడు. సుమలత కౌన్సెలింగుకు పోలేదు, టీటీసీ సీటు ఇంకెవరికో పోయింది.

విమానాశ్రయంలో సంచి పట్టుకుని నిలబడ్డ సుమలత ఫోటో తర్వాతి మే నెలలో ప్రతి ఊళ్లోనూ కనిపించింది. పిల్లలు బాగానే చేరారు. షాహజాదీ వైస్ ప్రిన్సిపాల్ అయింది. అయింది గానీ, ఆ కరపత్రం పంచిపెట్టేటప్పుడు ఆమె దాన్ని ఎప్పుడూ బోర్లించే ఇచ్చేది.

సుమలత అప్పుడప్పుడు హాస్టల్‌కు ఫోన్ చేసేది. భాష పట్టుబడిందని, చలి అలవాటైందని చెప్పేది. క్లాసులో అమ్మాయిలు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందేనట. మేడపైన గదులన్నిటికీ తాళాలేనట. ట్రైనింగ్ కోసం ఒక పసిపిల్లల బడికి పంపారు, అక్కడ పిల్లల కన్నా టీచర్లే ఎక్కువ. ఈ పిల్ల రోడ్డు మీద నడిచిపోతుంటే ముసలివాళ్లు ఆగి మరీ నవ్వుతారట, వయసు పిల్లను చూసి ఎన్నాళ్లయిందోనని. సుమలత అవన్నీ తమాషాగా చెప్పేది. వినే మనిషికి మాత్రం తన మొదటి కాలేజీయే కళ్ల ముందు కనబడేది. బాగా చదువుకో తల్లీ అని పెట్టేసేది.

రెండో చలికాలంలో ఆ పసిపిల్లల బడి మూసేశారు. తర్వాత కొద్ది నాళ్లకే కాలేజీని నడిపే ట్రస్టు చేతులెత్తేసింది. మొరితా హాస్టల్ గదికి వచ్చి, అంత పెద్దావిడ ఈ పిల్ల ముందు నడుం వంచి ఏడ్చిందట. వేరే ఊళ్లో వేరే కాలేజీలో చేరవచ్చన్నారు గానీ అక్కడ ఫీజులు పెట్టే స్తోమత జీపు తోలే ఇంటికెక్కడిది? సగం చదువుతో సుమలత ఆళ్లగడ్డకు తిరిగొచ్చింది. మళ్లీ టీటీసీ పరీక్ష రాస్తే సీటు రాలేదు, పుస్తకాలు వదిలి చాలా కాలమైపోయింది మరి. తనతోపాటు సీటు తెచ్చుకున్న స్నేహితురాలు మమత డీఎస్సీలో ఉద్యోగం కొట్టి, రోజూ వాళ్లింటి ముందు నుంచే బస్సెక్కి బడికి పోతుండేది. సుమలత ఊళ్లోనే ఒక చిన్న ప్రైవేటు బడిలో యూకేజీ పిల్లలకు అక్షరాలు దిద్దిస్తోంది.

షాహజాదీ ఆ ఇంటికి వెళ్లడానికి చాలాకాలం పట్టింది. రేపు పోదాం, సెలవుల్లో పోదాం అనుకుంటూ నెలలు జరిపేసింది. చివరకు ఒక ఆదివారం వెళ్లింది. తండ్రి జీపు కాడ ఉన్నాడు, తల్లి లోపల వంటపనిలో ఉంది. మెట్ల మీద సుమలత ఒక్కతే కూర్చుని పిల్లల పలకలు తుడుస్తోంది. మేడంను చూసి ఎప్పటిలాగే లేచి నిలబడి, ఆమె మెట్టు మీద కూర్చున్నాక తానూ కూర్చుంది.  మేడం మొహం చూసి పిల్లే ఆమెను సముదాయించబోయింది.

"మీరేం బాధపడాకండి మేడం. మీరు మాత్రం ఏం జేస్తారు, మీకేం తెలుసు ఆ కాలేజీ మూస్తారని."

ఊరుకుంటే సరిపోయేది. ఆ మాటతో అంతా అయిపోయేది, ఆమె పేరుకు మచ్చ లేకుండా ఇంటికి పోయేది. కానీ ఇన్నేళ్లుగా లోపల దాచుకున్నది ఆమెను ఇక ఊరుకోనివ్వలేదు.

"తెలుసు సుమా. ఆ జపాను ఆయమ్మ నవ్విన పొద్దే నాకు తెలుసు. నా ఉద్యోగం కోసం నోరు మూసుకున్నా."

సుమలత తుడుస్తున్న పలక ఒళ్లో పెట్టుకుంది.  ఏడిస్తే బాగుండు, తిడితే బాగుండు అనుకుంది షాహజాదీ. ఆ పిల్ల రెండూ చేయలేదు. వంటింటి వైపొకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఇది మా నాయనకు మాత్రం జెప్పాకండి మేడం. నన్ను పంపించి తప్పు జేసినానని రోజూ కుములుతాంటాడు. మేడం అంతటి మనిషే మోసపోయింది, ఇంక నాకేం తెలుస్తాదని, ఆ ఒక్క మాట పట్టుకోనే ఉండాడు."

అంతలో శ్రీశైలం వచ్చాడు. మేడంను చూడగానే మొహం విప్పారింది. కాళ్లకు నీళ్లిమ్మని, అన్నం పెట్టమని ఇంట్లోకి కేకేశాడు. షాహజాదీ లేచి వెళ్లిపోవాలనుకుంది. సుమలత అప్పటికే చాప పరిచి కంచం పెట్టేసింది.

శ్రీశైలం ఎదురుగా కూర్చుని ఆమె కంచంలో ముద్ద మీద ముద్ద వేయించాడు. ఆమె తలెత్తకుండా తింటోంది. ఆమెకు కళ్లనీళ్లు రావడం చూసి, ఆ దేశపోళ్లు చేసిన దానికి మీరెందుకు ఏడుస్తారు మేడం అని ఆయనే ఓదార్చాడు.