దారం లేని ముడి

దీపావళి నాడు మధ్యాహ్నం, అమ్మ కట్టిన వరి కుచ్చు గుమ్మం మీంచి జారి, విప్పిన జడలా నేల మీద పడింది. గింజల కోసం వచ్చిన పిచ్చుకలు కాసేపు బెదిరి, తర్వాత గడప దగ్గరే తినడం మొదలుపెట్టాయి.

"ఉడత లాగీసుంటాది," అంది అమ్మ.

ఉడత కాదని ఇద్దరికీ తెలుసు. పైముడి వదిలిపోయింది.

అమ్మది శ్రీకాకుళం వైపు పల్లె. నాన్న రైల్వే ఉద్యోగం వల్ల రాయ్‌పూర్ వచ్చాక, ఇక్కడ కూడా దీపావళికి గుమ్మాలకు వరి కంకులు కడతారని చూసి సంబరపడిందట. ఇక్కడివాళ్లది వెడల్పుగా అల్లిన ఝాలరు, అమ్మది గుండ్రటి కుచ్చు. ధర్సీవా నుంచి పాలు తెచ్చే ఆవిడ ఏటా తమ పొలంలోంచి ఓ పన వరి తెచ్చి ఇచ్చేది. కంకి పూర్తిగా పండకముందే కోయాలి, లేకపోతే అల్లుతుండగానే గింజ రాలుతుంది. గడ్డిని ముందురోజే తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. ఇవన్నీ నాకూ తెలుసు. తెలియనిది ఆ ముడి ఒక్కటే. దారం వాడకుండా, ఆఖరి మూడు పోచల్ని వెనక్కి మడిచి అల్లికలోకే దూర్చేది. అమ్మ దాన్ని వాళ్ల నాన్న దగ్గర నేర్చుకుంది. ఇంట్లో ఇంకెవరికీ రాదు. ఆ ఏడు అమ్మ వేళ్ల కణుపులు వాచి, గ్లాసు పట్టుకోవడమే కష్టంగా ఉండేది.

సాయంత్రం పాలావిడ వచ్చి చూసింది. "రాహన్ దే దీదీ, సుతరీ మ బాంధ్ దేబో," అంది. పోనీలే, పురికొసతో కట్టేద్దాం అని.

అమ్మ ఆవిడకు "ఠీక్ హై" అని చెప్పి, నా వైపు తిరిగింది. "పురికొసతో కడితే కుచ్చవుద్దేటి? కట్టెల మోపవుద్ది."

మర్నాడు నోటుపుస్తకం తీసుకుని పక్కన కూర్చున్నాను.

"మొదటి పోచ ఎటు తిప్పాలమ్మా?"

"ఇటు."

"ఇటంటే?"

"ఆ కాయితం అవతల పడీ. గడ్డి పట్టుకో."

రెండు పోచలు బాగానే దూర్చింది. మూడోదాని దగ్గర వేళ్లు ఆగిపోయాయి. కళ్లు మూసుకుని గాలిలో తిప్పి చూసింది. మళ్లీ తిప్పింది.

"మా అయ్య ఏనాడూ నోటితో చెప్పనేదే. ఆయన చేసీవోడు, నాను చూసీదాన్ని," అంది.

అప్పటి నుంచి ఏటా నేనే అల్లుతున్నాను. అల్లిక వరకూ అమ్మ తప్పు పట్టదు. మూడో పోచ కుడి నుంచి దూర్చాలా, ఎడమ నుంచా అని అడిగితే, ఒక ఏడు కుడి అంటుంది, మరో ఏడు ఎడమ అంటుంది. రెండు విధాలా చేశాను. ఎలా చేసినా మూడో రోజుకి వదులవుతోంది.